మరుగున పడిన భారతీయ కార్లను వెతికి గుర్తించడం ఎలా?

అశోక్ లేలాండ్ అనగానే మనకు లారీలూ బస్సులూ గుర్తొస్తాయి. 1948లో అశోక్ మోటార్స్ అనే పేరుతో పుట్టిన ఆ సంస్థ మద్రాసు శివార్లలోని ఎన్నూరులో తొలుత బిగించినవి మాత్రం ఆస్టిన్ ఏ40 కార్లు. 1955లో లేలాండ్ పేరు చేరి లారీల బాట పట్టాక ఆ కార్ల సంగతి జనం మరిచిపోయారు. బేబీ హిందుస్థాన్, ల్యాండ్‌మాస్టర్, గెజెల్, బాదల్, డాల్ఫిన్, మోంటానా వంటి పేర్లదీ ఇదే పరిస్థితి. ఇవన్నీ మన రోడ్ల మీద తిరిగిన బండ్లే అయినా, అంబాసిడర్, ఫియట్, మారుతి అనే మూడు పేర్ల వెనక కనబడకుండా పోయాయి. ఇలాంటి మోడళ్లను కొత్తగా కనుక్కోవడానికీ, కనుక్కున్నదాన్ని తప్పు లేకుండా గుర్తించడానికీ నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు కానీ ఓపికా, ఒక మంచి నోటుపుస్తకమూ కావాలి.

ముందు ఫ్యాక్టరీలను పట్టుకోండి

చాలామంది ఫొటోలతో మొదలుపెడతారు. వింత కారు బొమ్మ ఒకటి కనబడితే దాని పేరు తెలుసుకుని అక్కడితో ఆగిపోతారు. మీరు ఫ్యాక్టరీతో మొదలుపెట్టండి, ఎందుకంటే కార్లు ఎన్ని రకాలున్నా వాటిని తయారు చేసిన ఫ్యాక్టరీలు కొన్నే.

మన దేశంలో ఇన్ని విచిత్రమైన మోడళ్లు ఎందుకు పుట్టాయో తెలిస్తే వెతుకులాట సులువవుతుంది. 1920లలోనే ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు విడిభాగాలను ఓడల్లో తెప్పించి ఇక్కడ కార్లు బిగించి అమ్మేవి. భాగాలను క్రమంగా ఈ దేశంలోనే తయారు చేసే ప్రణాళిక ఉన్నవాళ్లే ఈ రంగంలో ఉండాలని 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు చేసింది. ఆ మరుసటి ఏడు ఆ రెండు సంస్థలూ ఇక్కడి పని మూసివేసుకున్నాయి. ఆ తరువాత ప్రధానంగా మిగిలినవి కలకత్తా దగ్గర ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసు దగ్గర వండలూరులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. విదేశీ మారకం కొరతా, లైసెన్సుల కట్టుబాట్లూ ఉండటంతో ఈ సంస్థలు ఒకసారి తెచ్చుకున్న అచ్చులనే దశాబ్దాల పాటు వాడుకుంటూ, తమకు తోచిన మార్పులు తామే చేసుకుంటూ వచ్చాయి. అందువల్ల అసలు దేశంలో ఎన్నడూ పుట్టని రూపాలు ఇక్కడ పుట్టాయి. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ సలూన్ (గట్టి పైకప్పున్న మామూలు కారు) రెండు తలుపులతోనే వచ్చింది. స్టాండర్డ్ వారు చేసిన నాలుగు తలుపుల హెరాల్డ్‌ను చూడాలంటే మన దేశానికే రావాలి.

నోటుపుస్తకంలో ఒక్కో ఫ్యాక్టరీకి కొన్ని పేజీలు కేటాయించి, ప్రతి మోడల్‌కూ పేరు, దాని తల్లి మోడల్ (అంటే ఏ విదేశీ కారును ఆధారంగా చేసుకుని చేశారో అది), ఇంజన్ ఎన్ని సీసీలు, ఏ ఏ సంవత్సరాల్లో తయారైంది అనే నాలుగు వివరాలు రాసుకోండి. ఉదాహరణకు హిందుస్థాన్ మోటార్స్ పేజీలో మొదటి వరుస హిందుస్థాన్ 10 అవుతుంది, దాని తల్లి మోరిస్ 10. తరువాత మోరిస్ మైనర్ నుంచి వచ్చిన బేబీ హిందుస్థాన్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన హిందుస్థాన్ 14, ఆ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ నుంచి 1954లో వచ్చిన ల్యాండ్‌మాస్టర్, మూడో సిరీస్ నుంచి వచ్చిన అంబాసిడర్, వాక్స్‌హాల్ విక్టర్ నుంచి 1984లో వచ్చిన కాంటెస్సా వరుసగా చేరతాయి. ఈ నాలుగు వివరాల్లో ఏది ఖాళీగా ఉందో అదే మీరు వెతకవలసిన చోటు. పేజీ నిండుగా ఉన్నప్పటికంటే ఖాళీలు కనబడినప్పుడే వెతుకులాట ముందుకు సాగుతుందని నా అనుభవం.

తల్లిని వెతకండి, అక్కచెల్లెళ్లు వాటంతట అవే దొరుకుతాయి

ఈ పద్ధతి మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. అరుదైన కారు ఒంటరిగా పుట్టడం చాలా తక్కువ. ఎవరో ఒకరు నమూనా ఇచ్చి ఉంటారు, ఆ ఇచ్చినవారు మరొక దేశానికి కూడా ఇచ్చి ఉంటారు.

సిపానీ డాల్ఫిన్‌ను తీసుకోండి. బెంగళూరులో సన్‌రైజ్ ఆటోమోటివ్ ఇండస్ట్రీస్ అనే చిన్న సంస్థ 1970లలో బాదల్ అనే మూడు చక్రాల కారు తయారు చేసింది. దానికి ఫైబర్‌గ్లాస్ బాడీ, 198 సీసీ ఇంజన్ ఉండేవి. ఆ సంస్థే సిపానీ ఆటోమొబైల్స్‌గా మారి, 1982లో రెండు తలుపుల డాల్ఫిన్‌ను, తరువాత ఎక్కువ తలుపులున్న మోంటానాను తెచ్చింది. డాల్ఫిన్ తల్లి ఎవరని అడిగితే ఇంగ్లండ్‌లోని టామ్‌వర్త్ పట్టణంలో ఉన్న రిలయంట్ కంపెనీ వారి కిటెన్ దొరుకుతుంది. దానికీ ఫైబర్‌గ్లాస్ బాడీయే, ఇంజన్ 848 సీసీ. ఇక్కడ ఆగకుండా, రిలయంట్ ఇంకెవరికి సాయం చేసిందని అడగండి. టర్కీలో 1966లో మొదలైన అనడోల్, ఇజ్రాయెల్‌లో ఆటోకార్స్ సంస్థ తెచ్చిన సుసీతా, సాబ్రా, గ్రీస్‌లో తయారైన మెబియా ఫాక్స్ ఒక్కొక్కటిగా బయటపడతాయి. బెంగళూరు కారు నుంచి బయలుదేరి, మూడు దేశాల్లో మరుగున పడిన కార్ల దగ్గరికి ఒక్క ప్రశ్నతో చేరుకున్నామన్నమాట.

ఈ కార్లన్నిటికీ ఫైబర్‌గ్లాసే ఎందుకని కూడా అడగండి. ఉక్కు రేకును కారు ఆకారానికి అచ్చువేసే భారీ ప్రెస్సులకూ డైలకూ పెట్టుబడి చాలా ఎక్కువ అవుతుంది, దాన్ని తిరిగి రాబట్టుకోవాలంటే వేల సంఖ్యలో కార్లు అమ్ముడవ్వాలి. ఫైబర్‌గ్లాస్ బాడీని తక్కువ ఖర్చు అచ్చులో, చేతిపనితో పోసుకోవచ్చు. కాబట్టి తెలియని కారు కనబడినప్పుడు వేలితో బాడీని మెల్లగా తట్టి చూడండి. రేకు మోతకు బదులు మొద్దుగా చప్పుడైతే, తక్కువ సంఖ్యలో తయారైన బండి ఎదుట నిలబడ్డారని అనుకోవచ్చు. బాగుచేసేటప్పుడు పెట్టిన ఫైబర్ ముక్కలు కూడా అలాగే మోగుతాయి కాబట్టి ఒకే చోట కాకుండా నాలుగైదు చోట్ల తట్టండి.

మన కాలానికి దగ్గరి బండ్లకూ ఇదే దారి పనికొస్తుంది. 2009లో ప్రీమియర్ సంస్థ రియో అనే చిన్న ఎస్‌యూవీని అమ్మకానికి తెచ్చింది. దాని తల్లి చైనాకు చెందిన జోటై నోమాడ్, అమ్మమ్మ జపాన్‌కు చెందిన తొలితరం దైహత్సు టెరియోస్. తొలి రియోలో ఉన్నది ఫ్రాన్స్‌కు చెందిన పెజో డీజిల్ ఇంజన్. అంటే పూణె దగ్గర బిగించిన ఒక్క కారులో నాలుగు దేశాలు కలిశాయి. ప్రయాణం ఇటు నుంచి అటు కూడా సాగుతుంది. మన టాటా ఇండికా 2003లో ఇంగ్లండ్‌లో సిటీరోవర్‌గానూ, బెంగళూరు రేవా లండన్ వీధుల్లో జీ విజ్‌గానూ తిరిగాయి. వాటిని మన పేర్లతో వెతికితే అక్కడి సమాచారం దొరకదు, అక్కడి పేర్లతోనే వెతకాలి.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు కంపెనీ పెట్టిన స్పెల్లింగునే వాడండి. గెజెల్ అంటే ఇంగ్లీషులో ఒక జాతి జింక. ఆ మాటను నిఘంటువులో ఉన్నట్టు రెండు ఎల్‌లతో రాసి వెతికితే జింకలూ, రష్యా వ్యానులూ వస్తాయి. స్టాండర్డ్ వారి కారు పేరు చివర ఒక్క ఎల్ మాత్రమే ఉంది.

కాగితం ఎక్కడ దొరుకుతుంది

పేర్లు చేతికొచ్చాక సాక్ష్యం కావాలి. కారు యజమానికి కంపెనీ ఇచ్చిన పుస్తకం, విడిభాగాల కేటలాగు, పత్రికల్లో వచ్చిన ప్రకటన అనే మూడింటిలో నేను కేటలాగుకే మొదటి స్థానం ఇస్తాను. ప్రకటనలో బొమ్మను కాస్త సాగదీసి అందంగా గీస్తారు, కేటలాగులో మాత్రం ఏ బోల్టు ఏ సంవత్సరం మారిందో ఉన్నదున్నట్టు రాస్తారు.

హైదరాబాద్‌లో ఉన్నవారు అబిడ్స్‌లో ఆదివారం రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాలను, విజయవాడలో ఉన్నవారు లెనిన్ సెంటర్ దుకాణాలను క్రమం తప్పకుండా చూడాలి. కార్ల పుస్తకాలున్నాయా అని అడిగితే లేవనే సమాధానం వస్తుంది, ఎందుకంటే వారి లెక్కలో అవి ఇంజనీరింగ్ పుస్తకాలో ఇంగ్లీషు మ్యాగజైన్లో అయి ఉంటాయి. ఆ కట్టల్ని మీ చేత్తో మీరే తిరగెయ్యండి. ఇక పాత దినపత్రికల కోసం వేటపాలెంలోని సారస్వత నికేతనానికి వెళ్లడం మంచిది. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం పాత తెలుగు పత్రికలను భద్రపరచినందుకు పేరుపొందింది. కార్ల ప్రకటనలతో పాటు ‘వాడిన కార్లు అమ్మబడును’ వంటి చిన్న ప్రకటనలనూ చదవండి. కొత్త కారు ప్రకటన కంపెనీ ఏం అమ్మాలనుకుందో చెబుతుంది, పాత కారు ప్రకటన మన ఊళ్లో నిజంగా ఏం తిరిగిందో చెబుతుంది.

పార్లమెంటు చర్చలు కూడా చక్కని ఆధారమే. కార్ల ధరలూ కోటాలూ లైసెన్సులూ ప్రభుత్వం చేతిలో ఉన్న రోజులవి కాబట్టి, ఏ ఫ్యాక్టరీ ఎన్ని కార్లు తయారు చేసింది, చిన్న కారు పథకం ఎంతవరకు వచ్చింది అని సభ్యులు తరచుగా అడిగేవారు. ఆ చర్చల ప్రతులు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి.

సినిమాలను వినోదంగానే కాక పత్రంగా కూడా చూడటం అలవాటు చేసుకోండి. 1960లలో తెలుగు సినిమాలు ఎక్కువగా మద్రాసులోనే తీసేవారు, స్టాండర్డ్ ఫ్యాక్టరీ కూడా ఆ ఊరి దగ్గరే ఉండేది. అందుకే ఆనాటి మన సినిమాల్లో కథానాయికలు నడిపే కార్లలో హెరాల్డ్‌లు కనబడుతూ ఉంటాయి. కారు కనబడిన చోట సినిమాను ఆపి, ముందు గ్రిల్, వెనక దీపాలు, తలుపు పిడి విడివిడిగా చిత్రాలుగా దాచుకోండి. సినిమా విడుదలైన ఏడాది తెలుసు కాబట్టి ఆ మోడల్ అప్పటికే రోడ్డెక్కిందని రుజువవుతుంది. కారు తయారైన ఏడాది మాత్రం దీనివల్ల తేలదు, ఎందుకంటే షూటింగులకు పాత కార్లు కూడా అద్దెకు తెచ్చేవారు.

షెడ్డులో ఎలా అడగాలి

కాగితం తరువాత మనుషుల దగ్గరికి వెళ్లండి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ముప్పై నలభై ఏళ్లుగా చేతులకు గ్రీజు అంటించుకున్న మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వారి జ్ఞాపకం మోడల్ పేర్ల ప్రకారం ఉండదు, విడిభాగాల ప్రకారం ఉంటుంది. ‘స్టాండర్డ్ గెజెల్ ఎప్పుడైనా చూశారా’ అని అడిగితే లేదంటారు. ‘బాబాయ్, స్టాండర్డ్ బండికి వెనక ఆక్సిల్ మామూలు లారీ మాదిరి కడ్డీలా ఉన్నది ఏదైనా మీ చేతికి వచ్చిందా, దానికి ఏ సామాను వేసేవారు’ అని అడిగి చూడండి, అరగంట పాటు చెబుతారు. పని మధ్యలో వెళ్లకుండా భోజనాల తరువాత వెళ్లండి, ఒక టీ చెప్పండి, మీ దగ్గరున్న ఫొటోలను ఫోనులో కాక కాగితం మీద చూపించండి. కాగితాన్ని చేత్తో పట్టుకుని చూస్తున్నప్పుడు పెద్దవాళ్లకు మరిన్ని విషయాలు గుర్తుకు రావడం నేను ఎన్నోసార్లు గమనించాను.

పాత సామాను అంగళ్లలో, ముఖ్యంగా చెన్నై పుదుపేట వంటి బజార్లలో, మొత్తం కారు కాకుండా బ్యాడ్జీలూ, చక్రాల కప్పులూ, మీటర్లూ చూడండి. కారు కరిగిపోయినా దాని పేరున్న బ్యాడ్జి తరచుగా మిగులుతుంది. తెలియని పేరున్న బ్యాడ్జి మీ నోటుపుస్తకంలో ఒక కొత్త వరుసకు నాంది కావచ్చు.

ఇనుము ఏం చెబుతోందో చూడండి

ఒకసారి నేను ఒక పల్లెటూరి పెరట్లో కారు ముందుభాగం మాత్రమే చూసి గెజెల్ దొరికిందని సంబరపడి, నలుగురికీ చెప్పాను. వారం తరువాత మళ్లీ వెళ్లి కిందికి వంగి చూస్తే అది గ్రిల్ మార్చిన హెరాల్డ్. అప్పటి నుంచి ముఖం చూసి పేరు చెప్పడం మానేశాను. గ్రిల్, దీపాలు, బంపర్లు ఒక్క పూటలో మారిపోతాయి కాబట్టి మారడం కష్టమైన భాగాలనే చూడాలి.

హెరాల్డ్, గెజెల్ విషయంలో అసలు తేడా బండి కిందే ఉంది. హెరాల్డ్‌కు వెనక స్వింగ్ ఆక్సిల్ ఉంటుంది, అంటే రెండు వెనక చక్రాలూ విడివిడిగా ఊగుతాయి. జాకీ మీద బాడీని ఎత్తితే చక్రాల కింది అంచులు లోపలికి ముడుచుకుంటాయి. మన కొనుగోలుదారులకూ మెకానిక్‌లకూ అది నచ్చకపోవడంతో, 1972 నుంచి 1977 వరకు తయారైన గెజెల్‌కు ఒకే కడ్డీగా ఉండే గట్టి ఆక్సిల్ పెట్టారు. అందుకే దాని చక్రాలు ఎత్తినా దించినా నిటారుగానే ఉంటాయి. రెండింటికీ ఇంజన్ 948 సీసీయే కాబట్టి ఇంజన్ చూసి తేల్చడం సాధ్యం కాదు. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ ఇంజన్ 1147, ఆ తరువాత 1296 సీసీలకు పెరిగింది. మన కారులో ఆ పెద్ద ఇంజన్ కనబడితే అది తరువాత ఎవరో తెచ్చి పెట్టినదేమో విచారించండి.

ల్యాండ్‌మాస్టర్‌ను అంబాసిడర్ అనుకునేవారు చాలామంది. బానెట్ మీద చెయ్యి పెట్టి నిమరండి, అంబాసిడర్‌కు రెండు పక్కలా నొక్కినట్టు గాడులు ఉంటాయి, ల్యాండ్‌మాస్టర్‌కు నున్నగా ఉంటుంది. వెనక దీపాల దగ్గర అంబాసిడర్‌కు చిన్న రెక్కలు లేచి ఉంటాయి, ల్యాండ్‌మాస్టర్ వెనక భాగం గుండ్రంగా దిగిపోతుంది. ఫియట్‌లలో ముందు తలుపు చూస్తే చాలు. 1950ల నాటి ఫియట్ 1100కు ముందు తలుపుల మడతబందులు మధ్య స్తంభానికి ఉండి, తలుపు వెనక్కి తెరుచుకునేది. బొంబాయిలో ఆ కారును దుక్కర్ ఫియట్ అని పిలిచేవారు. తరువాత వచ్చిన 1100 డిలైట్‌కూ, దాని పేరు మారగా వచ్చిన పద్మినికీ తలుపులు మామూలుగానే తెరుచుకుంటాయి. 118 ఎన్ఈ అనే ప్రీమియర్ కారు చూడటానికి ఫియట్ 124 లాగే ఉంటుంది, లోపల మాత్రం 1171 సీసీ నిస్సాన్ ఇంజన్ ఉంటుంది. అలాగే 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000 బయటికి రోవర్ ఎస్‌డీ1 లాగా హుందాగా ఉన్నా, దాని 1991 సీసీ ఇంజన్ పాత స్టాండర్డ్ వాన్‌గార్డ్ వంశానిది. ఇలాంటి కలగలుపు మన కార్ల సహజ లక్షణం, దాన్ని చూసి కారు నకిలీదని తొందరపడి తీర్మానించవద్దు.

బాడీని పరిశీలించాక ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, బానెట్ కింద ఉండే కంపెనీ పలక చూసి, ఆర్‌సీతో సరిపోల్చండి. పెట్రోలు కార్లకు డీజిల్ ఇంజన్ వేయించడం మన దగ్గర మామూలు విషయం కాబట్టి ఇంజన్ నంబరు కంటే ఛాసిస్ నంబరుకు ఎక్కువ విలువ ఇవ్వండి. ఇటీవలి కార్లకు పదిహేడు అక్షరాంకెల నంబరు ఉంటుంది, దాని మొదటి మూడూ తయారీదారును చెబుతాయి. ఎంఏ3 అంటే మారుతి, ఎంఏటీ అంటే టాటా. పేరు మార్చి అమ్మిన మోడళ్లలో అసలు తయారీదారు ఎవరో ఇది పట్టిస్తుంది. రిజిస్ట్రేషన్ నంబరు కూడా కొంత సాయం చేస్తుంది. 1989 జూలైలో కొత్త పద్ధతి రాకముందు మూడు అక్షరాలు, ఆ తరువాత అంకెలు ఉండేవి. అలాంటి నంబరు ఇంకా ఉంటే ఆ కారు అంతకుముందే రిజిస్టరైందని అర్థం. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్‌గా ప్రత్యేక నంబరు ఇస్తారు, అందులో రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ అనే గుర్తు ఉంటుంది.

మీ చేతిలోని కారు కాగితంతోనూ ఇనుముతోనూ సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి పోలిక కావాలంటే మ్యూజియంలకు వెళ్లండి. హర్యానాలోని తావడూలో ఉన్న హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం, కోయంబత్తూరులోని జీడీ కార్ మ్యూజియం ఇందుకు బాగా పనికొస్తాయి. రెండోది జి.డి.నాయుడు కుటుంబం సేకరించిన కార్లతో ఏర్పడింది. చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాముల కార్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ, అవి రాజుల కార్లు కాబట్టి మన వెతుకులాటకు అంతగా అక్కరకు రావు.

తల్లి లేని కార్ల విషయంలో

కొన్ని కార్లకు ఈ పద్ధతి పనిచేయదు. మహారాష్ట్రలోని ఇచల్‌కరంజిలో శంకర్‌రావు కులకర్ణి అనే ఔత్సాహికుడు 1940ల చివర్లో మొదలుపెట్టి పాతికేళ్లకు పైగా మీరా అనే చిన్న కారును మళ్లీ మళ్లీ రూపొందించారు. కేరళలో 1960లలో అరవింద్ అనే కారు నమూనా తయారైంది. వీటికి విదేశీ నమూనా లేదు, కేటలాగు లేదు, ఫ్యాక్టరీ ఉత్పత్తి దాకా రాలేదు. ఇలాంటి కారు జాడ తగిలితే ఆ ఊరి స్థానిక పత్రికలూ, ఆ కుటుంబం దాచుకున్న ఫొటోలూ మాత్రమే ఆధారాలు. కాబట్టి వేరే పని పక్కన పెట్టి ముందు అక్కడికి వెళ్లండి. పెద్దవాళ్లు చెప్పేది వారి అనుమతితో రికార్డు చేయండి.

చివరగా నమోదు గురించి చెప్పాలి. యజమానిని అడగకుండా పెరట్లోకి వెళ్లవద్దు. అనుమతి దొరికాక నాలుగు వైపులా, కింద, బానెట్ లోపల, డాష్‌బోర్డు, కంపెనీ పలక ఫొటోలు తీయండి. బయటికి పంచేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరూ ఇంటి ఆనవాళ్లూ కనబడకుండా చేయండి, ఎందుకంటే అరుదైన కారు ఉందని తెలిస్తే తుక్కు వ్యాపారులూ దళారులూ ఆ ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెడతారు. ఏది మీ కంటితో చూశారో, ఏది ఇతరులు చెప్పగా విన్నారో నోటుపుస్తకంలో వేర్వేరు రంగుల సిరాతో రాయండి. ఫొటోలను రెండు ప్రతులు అచ్చు వేయించి, ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోదాన్ని కారు పేరూ తయారైన సంవత్సరాలూ తెలుగులో రాసి యజమాని చేతికి ఇవ్వండి. తాతగారి పాత డబ్బా అనుకుంటున్న ఆ బండికి ఒక పేరు ఉందని ఆ ఇంటి పిల్లలకు చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది.